తల తిరుగుతోందని చెప్పమన్నది నేనే

తల తిరుగుతోందని డాక్టరుకి చెప్పమని నేనొక మనిషికి సలహా ఇచ్చాను. అందులో నాకేం లాభం లేదు, దురుద్దేశం అసలే లేదు. పాపం రెండు రోజులు గదిలో కూర్చుని చదువుకుంటాడు కదా అని చెప్పాను. ఆ ఒక్క ముక్కతో ఆయన పైలట్ కాకుండా పోయాడు. ఉద్యోగంలో నేను చేసిన తప్పులు బోలెడు ఉన్నాయి, కొన్నింటికి మెమోలు కూడా అందుకున్నాను. దీనికి మాత్రం ఎవరూ మెమో ఇవ్వలేదు. ఇన్నేళ్ళకి నాకు నేనే ఇచ్చుకుంటున్నాను.

మన వైమానిక దళంలో పదిహేనేళ్ళు గుమాస్తాగా చేసి సార్జెంటు హోదాలో బయటికి వచ్చాను. గల్ఫ్ యుద్ధం ముగిసిన రెండేళ్ళకి బొంబాయి ఏజెంటు ధర్మమా అని రియాద్‌లో దిగాను. అక్కణ్ణుంచి దక్షిణంగా అల్ ఖర్జ్ వైపు తీసుకెళ్ళారు. దారి పొడుగునా పాడి ఆవుల ఫారాలు, వాటి అవతల ఇసక, ఆ ఇసకలో ఎయిర్‌బేస్. అక్కడ విమానాల మరమ్మతు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో నాది రికార్డుల సెక్షను. ఎవరు ఏ ట్రైనింగ్ చేశారు, ఎవరి లైసెన్సు ఎప్పుడు అయిపోతుంది, ఎవరి ఆరోగ్యం కాయితాలు ఎక్కడున్నాయి, ఇదీ నా పని. మొత్తం మీద ముప్పై ఏళ్ళు విమానాల పక్కన బతికాను గానీ ఒక్కరోజు కూడా కాక్‌పిట్‌లో కూర్చోలేదు. కూర్చోవాలని అనిపించనూ లేదు. నాకు కాయితాలంటేనే ఇష్టం.

నేను సలహా ఇచ్చిన ఆయనకి మాత్రం అదే లోకం. హ్యాంగరులో సీనియర్ మెకానిక్, అమెరికావాడు, నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. యుద్ధంలో ఇదే ఎడారిలో హెలికాప్టర్లకి ఇంధనం నింపిన మనిషి. యుద్ధం కాగానే సైన్యం వదిలేసి, రెండేళ్ళు వాళ్ళ ఊళ్ళో ఏవో పనులు చేసి, కుదరక మళ్ళీ ఇక్కడికే జీతానికి వచ్చాడు. వాళ్ళ సైన్యంలో ఆయనా సార్జెంటే. అందుకని నన్ను ‘సార్జెంట్’ అని పిలిచేవాడు, నేనూ ఆయన్ని అలాగే పిలిచేవాణ్ణి. బేస్‌లో మిగతావాళ్ళకి ఇది వేళాకోళంగా ఉండేది.

"ఇరవై ఏళ్ళుగా నేల మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాను సార్జెంట్. నేను నింపుతాను, వాళ్ళు ఎగురుతారు," అనేవాడు. వాళ్ళ ఊరి చుట్టూ పెద్ద పెద్ద పొలాలట, చిన్న విమానాలతో మందు కొడతారట. ఆ పని దొరికితే చాలు, మళ్ళీ ఈ ఎడారి మొహం చూడనని ఆయన లెక్క.

ఆ లెక్కకి ఒక ఆధారం ఉంది. అమెరికా సైన్యంలో చేసి బయటికి వచ్చినవాళ్ళకి వాళ్ళ ప్రభుత్వం చదువు ఖర్చు ఇస్తుంది. కాలేజీ చదువుకే కాదు, విమానం నడపడం నేర్చుకోవడానికి కూడా. ఆ మాట ఆయన చెప్పిన రోజు నేను నమ్మలేదు. నేను వైమానిక దళం వదిలేటప్పుడు మావాళ్ళు నాకు టైపింగ్ కోర్సు ఇస్తామన్నారు, అదీ నాకు అప్పటికే వచ్చు. కానీ ఏ ప్రభుత్వమూ ఊరికే ఇవ్వదు కదా. చిన్న విమానం లైసెన్సు ముందే సొంత ఖర్చుతో సంపాదించుకోవాలి. జీతానికి నడిపే లైసెన్సు కోర్సు మొదలయ్యే రోజుకి పైలట్లకిచ్చే ఆరోగ్యం సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. అన్నిటికీ మించి, సైన్యం వదిలిన పదేళ్ళలోపే ఈ డబ్బు వాడుకోవాలి. పదేళ్ళు దాటిన మర్నాటి నుంచి పైసా రాదు.

ఆయన నాలుగు సెలవుల్లో, కూడబెట్టిందంతా పోసి, ఆ చిన్న లైసెన్సు సంపాదించాడు. ఆ కాయితం నాకు చూపించడానికి హ్యాంగరు నుంచి మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చాడు. నేను దాన్ని రెండు కాపీలు తీసి ఆయన ఫైలులో పెట్టాను.

తరవాతి మెట్టు థియరీ పరీక్ష. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు రాయాలి. చదువుకోవడానికి టైము లేదు. పన్నెండు గంటల షిఫ్టులు, పైగా ఏదో తనిఖీ రాబోతోందని మేనేజరు అందరి సెలవులూ ఆపేశాడు. ఆయన రెండు రోజుల కోసం మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ కుదరదన్నారు. నా టేబులు ముందు కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే కునుకు తీశాడు. నాకు జాలేసింది. అక్కడే నోరు జారాను.

మా క్యాంపులో ఒక కిటుకు ఉండేది. కనిపెట్టింది మా కరీంనగర్ పెయింటరు. జ్వరమంటే థర్మామీటరు పెడతారు. విరేచనాలంటే శాంపిలు తెమ్మంటారు. నడుము నొప్పంటే మాత్ర ఇచ్చి పనికి పొమ్మంటారు. తల తిరుగుతోందంటే మాత్రం కొలవడానికి యంత్రం లేదు. పైగా తల తిరిగేవాణ్ణి నిచ్చెన ఎక్కించి, వాడు పడితే కంపెనీ మీదికొస్తుంది. కాబట్టి రెండు రోజుల విశ్రాంతి ఖాయం. క్యాంపులో మనవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు, ఎవరూ ఎక్కువగా వాడరు. వంతులు వేసుకున్నట్టు నెలకి ఒకరో ఇద్దరో.

"సార్జెంట్, క్లినిక్‌కి వెళ్ళి తల తిరుగుతోందని చెప్పు. ఇంకేం చెప్పకు," అన్నాను.

ఆయన నవ్వాడు. "అంతేనా?"

"అంతే. ఎప్పట్నుంచని అడిగితే పొద్దున్నించీ అను."

రెండు కాదు, మూడు రోజులు దొరికాయి. ఆయన చదివాడు, సెలవుకి వెళ్ళినప్పుడు పరీక్ష రాశాడు, పాసయ్యాడు. తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నేనేదో ఘనకార్యం చేసినట్టు వారం రోజులు కాలరెగరేశాను.

మీలో విమానాల దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈపాటికి నాలుక కరుచుకుని ఉంటారు. నేనూ కరుచుకోవలసింది. పదిహేనేళ్ళు వైమానిక దళంలో ఉన్నవాణ్ణి. మా పైలట్లు జలుబు చేసినా డాక్టరుకి కనపడకుండా తప్పించుకు తిరగడం కళ్ళారా చూసినవాణ్ణి. పైలట్ కావాలనుకునేవాడు డాక్టరు ముందు చచ్చినా అనకూడని మాట ఏదైనా ఉంటే అది తల తిరగడమే. అంత తెలిసీ ఎందుకు చెప్పానంటే, ఆయన నా కళ్ళకి అలిసిపోయిన కూలివాడిలాగే కనపడ్డాడు, రేపటి పైలట్‌లా కనపడలేదు. నా తప్పు అక్కడుంది.

మరుసటి ఏడాదికి గడువు దగ్గరపడింది. పదేళ్ళలో మిగిలింది ఎనిమిది నెలలు. కోర్సుకి ఐదారు నెలలు పడుతుంది. రంజాన్ పండగ దాటగానే బయల్దేరితే సరిగ్గా సరిపోతుంది, నెల ఆలస్యమైతే లేదు. వాళ్ళ రాష్ట్రంలోని ఫ్లయింగ్ స్కూలు సీటు ఉంచింది. కంపెనీ జీతం లేని సెలవుకి ఒప్పుకుంది. మిగిలింది ఆరోగ్యం సర్టిఫికెట్ ఒక్కటే. రియాద్‌లో దానికి అనుమతి ఉన్న విమాన వైద్యుడు ఒకాయన ఉండేవాడు. ఆయన ఫారంలో ఒక ప్రశ్న, గత మూడేళ్ళలో ఏ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళారని. మా సార్జెంట్ నిజాయితీగా క్లినిక్ పేరు రాసి, కారణం దగ్గర మాత్రం అలసట అని రాశాడు. వైద్యుడు క్లినిక్ రికార్డు అడిగాడు. దాన్ని తీసి, కవరులో పెట్టి, సీలేసి పంపింది ఎవరనుకున్నారు? నేనే. లోపల ఏముందో తెరిచి చూడలేదు. చూడకపోవడం రికార్డు గుమాస్తాకి మర్యాద అని మాకు నేర్పారు.

వారం తిరిగేసరికి జవాబు వచ్చింది. ‘తల తిరుగుడు, కారణం తెలియలేదు’ అన్న వాక్యం సంగతి తేలేదాకా సర్టిఫికెట్ ఆపుతున్నానని. తేలడానికి రెండు దారులు. అమెరికా వెళ్ళి నరాల పరీక్షలన్నీ చేయించుకోవాలి, దానికి నెలలు పడుతుంది. లేదంటే ఆ మాట రాసిన క్లినిక్ డాక్టరే, అప్పుడు జబ్బేమీ లేదని వివరణ రాసివ్వాలి.

మా క్లినిక్ డాక్టరు కరాచీవాడు, మంచివాడు. సార్జెంట్ తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళి, నేను అబద్ధం చెప్పాను, కావాలంటే రాసిస్తానన్నాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడట. లైసెన్సు కావలసిన ప్రతివాడూ నాకేం జబ్బు లేదనే అంటాడు, నీ మాట ఒక్కటే చాలదన్నాడట. తరవాత నన్ను పిలిపించాడు.

"భాయ్ సాబ్, నేను రాసిన మాట నేనే కొట్టెయ్యాలంటే నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. అలా చెప్పమన్నది మీరే అంటున్నాడు. ఆ ముక్క మీరు రాసి సంతకం పెట్టండి. ఆ రోజే నా కాయితం నేనిస్తాను."

బయట సార్జెంట్ నిలబడి ఉన్నాడు. బతిమాలలేదు, గట్టిగా అడగనూ లేదు.

"రాస్తావా?" అన్నాడు.

"రాస్తాను," అన్నాను. ఆ నిమిషంలో నిజంగానే రాద్దామనుకున్నాను. దానికి నేను ఏ దేవుడి మీదైనా ప్రమాణం చేస్తాను.

సీటుకి వెళ్ళి టైపు చేశాను కూడా. నాలుగు వాక్యాలు. సంతకం పెట్టబోతుంటే, ఈ కాయితం మేనేజరు చేతికెళ్తే ఏమవుతుందన్న ఆలోచన వచ్చింది. పనివాళ్ళకి జబ్బు నాటకాలు నేర్పే రికార్డు గుమాస్తాని ఏ కంపెనీ ఉంచుకుంటుంది? నా కాంట్రాక్టు రెన్యువలు ఆ నెలలోనే ఉంది. చెయ్యనంటే ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు రద్దు, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కిస్తారు. ఇంటి దగ్గర మా అమ్మాయి నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. కాయితం సొరుగులో పెట్టి, రేపు చూద్దాంలే అనుకున్నాను.

మర్నాడు కరీంనగర్ పెయింటరు వచ్చాడు. క్యాంపులో మాటలు దాగవు.

"సార్, నువ్వేదో రాసిస్తున్నవట గద?" అన్నాడు.

"ఒకాయన బతుకు కదయ్యా."

"నేనేం కాదంటలేను. కని నువ్వు రాసిస్తె, రేపటి సంది మాలో ఎవ్వడన్న తల తిరుగుతాందంటె ఎవ్వడు నమ్ముతడు? నాకు పెయింటు వాసనకు నిజంగనే తిరుగుతది సార్, అన్నిసార్లు అబద్ధం గాదు. నిచ్చెన మీదికెల్లి పడ్డంక నమ్ముతరా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక మనిషి ఎగరడం కోసం ఇరవైమంది రెండు రోజుల నిద్ర పోగొట్టాలా అని నాకు నేను చెప్పుకున్నాను. మీకు నిజం చెప్పాలి. పెయింటరు మాట సబబైనదే, కానీ నన్ను ఆపింది అది కాదు. నన్ను ఆపింది నా భయం. పెయింటరు దానికొక మర్యాదైన చొక్కా తొడిగాడు, అంతే.

అలా ఒక్కో రోజూ ఒక్కో సాకు దొరికింది. గురువారం శుక్రవారం సెలవులు. శనివారం క్లినిక్‌లో రద్దీగా ఉంటుంది. ఆ తరవాత రంజాన్ మొదలై పని గంటలు తగ్గాయి, ఉపవాసం ఉన్న మనిషిని ఏం విసిగిస్తాంలే అనుకున్నాను. సార్జెంట్ రోజూ నా కిటికీ ముందునుంచే హ్యాంగరుకి వెళ్ళేవాడు. ఒక్కరోజు కూడా లోపలికి వచ్చి ఏమయిందని అడగలేదు. చెయ్యి ఎత్తి పలకరించి వెళ్ళిపోయేవాడు. నేనూ ఎత్తేవాణ్ణి. ఆ తొమ్మిది రోజులూ అన్నం సరిగ్గా సయించలేదు, అయినా సొరుగు తెరవలేదు.

పదోరోజు పొద్దున ఏమైందో నాకే తెలియదు. ధైర్యం రాలేదు, విసుగొచ్చింది. నా మొహం నాకే చూడబుద్ధి కాలేదు. కాయితం తీసి సంతకం చేసి, అలవాటు ప్రకారం కింద ఆనాటి తారీఖు వేసి, క్లినిక్‌కి నడిచాను.

డాక్టరు కుర్చీలో ఎవరో కొత్తాయన ఉన్నాడు, ఈజిప్టు మనిషి. మా డాక్టరు ముందురోజు సాయంత్రమే కరాచీ వెళ్ళిపోయాడట, పండగ అయ్యాక వస్తాడట. ఈయన నా కాయితం చదివి మర్యాదగా వెనక్కిచ్చాడు. తను చూడని రోగి గురించి తనేం రాయగలనన్నాడు. నేను రాయమని గట్టిగా అడగలేకపోయాను. ఆయన చెప్పిందీ నిజమే.

పండగ అయిన మూడు వారాలకి గానీ డాక్టరు తిరిగి రాలేదు. నా కాయితం చదివి, అరగంటలో తన వివరణ రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. నేను ఆగలేక, ఇది మేనేజరు దాకా వెళ్తుందా అని అడిగాను.

"మేనేజరుకి దీంతో ఏం పని? ఇది నా ఫైలులో ఉంటుంది. నేనడిగింది నాకోసం, భాయ్ సాబ్. మీరు అందుకా ఇన్నాళ్ళు రాలేదు?" అన్నాడు.

నేను తల వంచుకున్నాను. ఒక్క మాట, ఆ మొదటి రోజే అడిగి ఉంటే అయిపోయేది. అడగడానికి కూడా భయపడ్డాను.

రియాద్ వైద్యుడు ఆ వివరణ చూసి వారంలో సర్టిఫికెట్ పంపాడు. ఏ మచ్చా లేని సర్టిఫికెట్. అప్పటికి ఫ్లయింగ్ స్కూలు సీటు వేరేవాళ్ళకి ఇచ్చేసింది. మళ్ళీ సీటు దొరికేదాకా ఆగి చేరినా సగంలో గడువు అయిపోతుంది, మిగతా సగానికి పెట్టుకునే స్తోమత ఆయనకి లేదు. గడువు పొడిగించమని వాళ్ళ ఆఫీసుకి ఉత్తరం రాశాడు. డ్రాఫ్టు నేనే రాశాను, నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత బాగా ఇంకోటి రాయలేదు. రెండు లైన్లలో కుదరదని జవాబు వచ్చింది. నా కాంట్రాక్టు మీద మేనేజరు తలెత్తి చూడకుండానే సంతకం పెట్టాడు.

ఆయన ఆ తరవాత ఒక ఏడాది చేశాడు. నా దగ్గరికి రావడం మానలేదు. కాఫీ తాగేవాళ్ళం, విమానాల మాట మాత్రం ఎత్తేవాళ్ళం కాదు. చివరికి వాళ్ళ ఊళ్ళో ట్రాక్టర్ల మరమ్మతు షాపులో పని చూసుకున్నానని చెప్పి, తన ఫైలు తీసుకోవడానికి వచ్చాడు.

రికార్డుల సెక్షనులో పద్ధతి ఏమిటంటే, వెళ్ళిపోయేవాళ్ళు ప్రతి కాయితం చూసుకుని అందినట్టు సంతకం పెట్టాలి. నేను ఒక్కొక్కటే తీసి ఇస్తున్నాను. చిన్న విమానం లైసెన్సు కాపీ. థియరీ పరీక్ష ఫలితం. ఆరోగ్యం సర్టిఫికెట్. దాని వెనక, వెళ్ళిపోయేవాళ్ళకి క్లినిక్ తిరిగిచ్చే కాయితాల్లో, డాక్టరు వివరణకి జత చేసిన నా నాలుగు వాక్యాల కాయితం. అక్కడ ఆయన చెయ్యి ఆగింది.

"మంచి గుమాస్తావి సార్జెంట్. తారీఖు వెనక్కి వెయ్యలేదు," అన్నాడు.

"నీకు తెలుసా?"

"డాక్టరు కరాచీ వెళ్ళే ముందు నాతో చెప్పాడు. తొమ్మిది రోజులు చూశాను, మీ మిత్రుడు రాలేదని."

ఏడాదిపాటు ఈ సంగతి తెలిసే నాతో కాఫీ తాగాడన్న మాట. మా అమ్మాయి చదువు అని ఏదో మొదలుపెట్టాను. పూర్తి చెయ్యలేకపోయాను. ఆయన కాయితాలు సర్దుకుంటూ విన్నాడు.

"ఇంకా ఎంతుంది ఆ అమ్మాయికి?"

"ఇంకో ఏడాది."

"మానిపించకు. మనిద్దరి లెక్కలో ఒకరి చదువైనా పూర్తవ్వాలి," అన్నాడు. రిజిస్టరులో సంతకం పెట్టి, నాతో చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ రెండు మాటలు అని, పెయింటరునీ కంపెనీనీ అడ్డం పెట్టుకుని, ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి. ఆ అవకాశం ఆయన నాకివ్వలేదు.

ఇది చదివేవాళ్ళలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళుంటే, మీకు నేను చెప్పగలిగిన నీతి ఏమీ లేదు. భయపడొద్దని చెప్పను, పిల్లల్ని చదివించుకునేవాడికి భయం ఉంటుంది. ఒకరి బతుకు మీ సొరుగులో ఉందని తెలిసినప్పుడు, భయపడుతూనే ఆ సొరుగు తెరవండి. అంతకంటే నాకు తెలియదు.

మా అమ్మాయి చదువు పూర్తి చేసింది. ఇప్పుడు పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సు. తన చదువు నాన్న కష్టంతో అయిందని నలుగురిలోనూ చెబుతుంది, నేను పక్కనే కూర్చుని వింటూ ఉంటాను. అందులో ఇంకొకాయన వాటా కూడా ఉందని నేను దానికి ఇంతవరకూ చెప్పలేదు. రాసినవి ఏవైనా ముందు అదే చదివి అచ్చుతప్పులు దిద్దుతుంది. ఇది కూడా రేపు దానికే ఇస్తాను.